ఖాళీ రైలును అంత జోరుగా ఎందుకు నడిపి చూస్తారు?

ఈసారి పోస్టు మిర్చి గురించి కాదు, యూరియా గురించి కాదు. రైలు గురించి. కొంచెం పొడుగే ఉంటుంది. చేను కాడ నీళ్లు పారే లోపు చదివేయొచ్చు.

పోయిన వారం మన ఊరి పక్క కొత్త లైను మీద ట్రయల్ రన్ జరిగింది కదా. ముందు రోజే చాటింపు వేశారు. "రేపు పట్టాల దగ్గరికి ఎవరూ రావద్దు, పశువులను కట్టేసుకోండి" అని. మనలో సగం మంది విన్నాం, సగం మంది విననట్టే ఉన్నాం. మా వాడకట్టు కాక ఒకాయన బర్రె తలుగు తెంపుకొని, రోజూ పోయే దారే కదా అని పట్టాలు దాటి అవతలి బీడుకు పోయింది. అది దాటిన రెండు నిమిషాలకు బండి వచ్చింది. ఈడ కనబడ్డది ఆడ మాయమైంది. కాక గుండె ఇంకా దడదడ కొట్టుకుంటనే ఉంది.

సాయంత్రం చాయ్ హోటల్ కాడ కాక అడిగిన మాట ఇది: "లోపల మనిషి లేడు, మూట లేదు. ఖాళీ బండికి అంత ఉరుకులాట ఏంది? ఎవరికి చూపియ్యడానికి? నిదానంగా నడిపి చూసుకుంటే సరిపోదా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం అది మంచి ప్రశ్న అనిపించింది. దానికి జవాబు 1829లో మొదలవుతుంది. కాక బర్రె దాకా వస్తుంది.

ముందు మన సంగతి చూద్దాం. అంగట్లో ఎడ్ల జత కొనేటప్పుడు ఏం చేస్తాం? పళ్లు చూస్తాం, గిట్టలు చూస్తాం. అంతటితో పైసలు ఇస్తామా? ఇయ్యం. బండికి కట్టి, నలుగురిని ఎక్కించి, ఎత్తు మీదికి తోలి చూస్తాం. దిగుడులో బండిని ఆపి పడతాయా లేదా అని కూడా చూస్తాం. చదును నేల మీద ఖాళీ బండిని ఏ ఎద్దయినా లాగుతుంది. కొత్త విత్తనం వస్తే ఐదెకరాల్లో ఒకేసారి చల్లం, పది గుంటల్లో వేసి చూస్తాం. రైలోళ్లు చేసేది కూడా అదే పని. కాకపోతే వాళ్ల పది గుంటలు మన కళ్ల ముందు ఉరుకుతాయి.

ఇక 1829కి పోదాం. ఇంగ్లండులో లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ దాకా రైలు మార్గం వేస్తున్నారు. పట్టాలు పడుతున్నాయి గానీ, బండ్లను ఏది లాగాలో ఇంకా తేలలేదు. కొందరు డైరెక్టర్లు, దారి పొడుగునా అక్కడక్కడ ఆవిరి యంత్రాలు పాతి, తాళ్లతో బండ్లను లాగిద్దాం అన్నారు. మన మోట బావి లెక్క అనుకోండి. ఇంకొందరు, యంత్రమే చక్రాల మీద నడిచి లాగాలి అన్నారు. వాదన తెగలేదు. సరే, పోటీ పెడదాం అని 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. లివర్‌పూల్ దగ్గర రెయిన్‌హిల్ అనే ఊళ్లో అక్టోబరు 6న పోటీ మొదలైంది. పదివేల మందికి పైగా జనం వచ్చారు. జాతర అన్నట్టు.

షరతులు చూడండి, ఎంత తెలివిగా పెట్టారో. ఇంజను తన బరువుకు మూడింతలు లాగాలి. గంటకు 16 కిలోమీటర్ల వేగం తగ్గొద్దు. ఒక్కసారి ఉరికితే చాలదు. మూడు కిలోమీటర్ల లోపు ఉన్న పట్టా మీద అటూ ఇటూ తిరుగుతూ మొత్తం 56 కిలోమీటర్లు పూర్తి చేయాలి. ఎందుకు 56? లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ అంత దూరం కాబట్టి. అది అయ్యాక మళ్లీ నీళ్లు, బొగ్గు నింపుకొని ఇంకో 56 తిరగాలి. అంటే తిరుగు ప్రయాణం. రేపు రోజూ చేయబోయే పనిని ఈరోజే చేసి చూపించమన్నారు.

ఐదు బండ్లు వచ్చాయి. ఒక దాని పేరు సైక్లోపెడ్. దానికి ఆవిరి లేదు, లోపల గుర్రం! కదిలే పట్టీ మీద గుర్రం నడుస్తుంటే చక్రాలు తిరుగుతాయి. గానుగెద్దును బండిలోకి ఎక్కించినట్టు. గుర్రం కాళ్ల కింద నేల విరిగింది, దాని కథ అక్కడితో అయిపోయింది. ఇంకోటి పర్సివరెన్స్, దారిలోనే దెబ్బతిని వచ్చి, అడిగిన వేగం అందుకోలేక తప్పుకుంది.

జనానికి బాగా నచ్చింది నావెల్టీ. చిన్నది, తేలికది, ముద్దుగా ఉంటుంది. మొదటి రోజు గంటకు 45 కిలోమీటర్ల దాకా ఉరికింది. జనం అరుపులు, చప్పట్లు. అందరూ ఇదే గెలుస్తుంది అనుకున్నారు. కానీ అసలు పరీక్ష మొదలయ్యాక దాని గొట్టాల అతుకులు ఊడిపోయాయి. బాగు చేశారు, మళ్లీ ఊడాయి. సాన్స్ పరైల్ అనే ఇంకో ఇంజను బరువు ఎక్కువ, బొగ్గు విపరీతంగా తిన్నది, చివరికి మధ్యలోనే ఆగింది.

మిగిలింది రాకెట్. జార్జ్ స్టీఫెన్‌సన్, ఆయన కొడుకు రాబర్ట్ తయారు చేయించిన ఇంజను. దాని బాయిలరులో ఒకే పెద్ద గొట్టానికి బదులు 25 సన్నని రాగి గొట్టాలు పెట్టారు. నిప్పు సెగ ఎక్కువ జాగాలో నీళ్లకు తగులుతుంది, ఆవిరి గబగబా పుడుతుంది. అది 56కి 56 తిరిగింది, మళ్లీ తిరిగింది. అడిగిన వేగం కన్నా ఎక్కువే చూపింది. పరీక్ష పూర్తి చేసిన ఇంజను అదొక్కటే. మొదటి రోజు చప్పట్లను నమ్మి కొని ఉంటే, ఆ కంపెనీ నావెల్టీని కొని ఉండేది. అంగట్లో కొమ్ములకు రంగు వేసిన ఎద్దును కొన్నట్టు అయ్యేది.

ఇక్కడ దాకా బాగుంది. అసలు కథ ఇక్కడి నుంచి.

ఆ షరతుల జాబితా మళ్లీ చూడండి. లాగే బరువు ఉంది, వేగం ఉంది, దూరం ఉంది, బాయిలరు పేలకుండా జాగ్రత్తలు ఉన్నాయి. ఒకటి లేదు. ఎంత దూరంలో ఆగుతుంది? అది ఎవరూ అడగలేదు. లాగడాన్ని పరీక్షించారు, ఆపడాన్ని పరీక్షించలేదు.

మరుసటి ఏడాది, 1830 సెప్టెంబరు 15న లైను ప్రారంభం. ప్రధానమంత్రి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ వచ్చాడు. పెద్దపెద్దోళ్లంతా రైళ్లు ఎక్కారు. మధ్యలో పార్క్‌సైడ్ అనే చోట నీళ్లు పట్టుకోవడానికి ఆపితే, దిగొద్దని చెప్పినా కొందరు దిగి పట్టాల మీద ముచ్చట్లు పెట్టారు. విలియం హస్కిసన్ అనే ఎంపీ ప్రధానమంత్రితో మాట్లాడదామని ఆయన పెట్టె దగ్గరికి పోయాడు. అదే సమయానికి పక్క పట్టా మీద వస్తోంది రాకెట్. దానికి బ్రేకు లేదు. చక్రాలను వెనక్కి తిప్పి ఆపడం తప్ప డ్రైవరుకు దారి లేదు, దానికి టైము పడుతుంది. హస్కిసన్ తికమక పడి పెట్టె తలుపు పట్టుకు వేలాడాడు. తలుపు తెరుచుకొని ఆయన్ను తీసుకుపోయి రాకెట్ ముందే వేసింది. ఆ రాత్రికి చనిపోయాడు. పరీక్షలో గెలిచిన ఇంజనే, పరీక్షలో అడగని ప్రశ్న దగ్గర మనిషిని చంపింది.

ఆ తర్వాత నలభై ఏండ్లకు పైగా రైళ్ల వేగం పెరిగింది గానీ, ఆపే పని ఎక్కువగా చేతి బ్రేకుల మీదే నడిచింది. ఇంజను మీద ఒకటి, గార్డు పెట్టెలో ఒకటి. డ్రైవరు విజిల్ వేస్తే గార్డు తిప్పాలి. ప్రమాదాలు ఎక్కువైతే, 1875 జూన్‌లో ఇంగ్లండులోని న్యూవార్క్ దగ్గర పెద్ద పరీక్ష పెట్టారు. ఈసారి ప్రశ్న ఒక్కటే: ఎవరి రైలు ఎంత దూరంలో ఆగుతుంది? రకరకాల కంపెనీలు రకరకాల బ్రేకులతో తమ రైళ్లు తెచ్చాయి. వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకు అందరికన్నా బాగా ఆపింది. ఆ బ్రేకు తీరు వేరు. పెట్టెలన్నిటికీ గాలి గొట్టం ఉంటుంది. గొట్టంలో గాలి ఉన్నంత సేపే బ్రేకు వదులుగా ఉంటుంది. గొట్టం తెగినా, పెట్టె ఊడినా, గాలి పోయి బ్రేకు దానంతట అదే పడుతుంది.

పరీక్ష అయిపోయింది, జవాబు దొరికింది. అందరూ వెంటనే పెట్టారా? లేదు. ఖర్చు కదా! కంపెనీలు ఎవరికి తోచింది వాళ్లు వాడుకున్నారు.

1889 జూన్ 12. ఐర్లండులో అర్మా అనే ఊరు. బడి పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను సముద్రం చూపించడానికి తీసుకుపోతున్న రైలు. జనం ఎక్కువ, బరువు ఎక్కువ, ఎత్తు మీద ఇంజను లాగలేక ఆగిపోయింది. వెనక పెట్టెలు ఇక్కడే వదిలి, ముందు పెట్టెలు పైకి చేర్చి మళ్లీ వద్దాం అనుకున్నారు. మనం ట్రాక్టరు ఎత్తు ఎక్కలేకపోతే ట్రాలీ ఊడదీసినట్టు. ఆ రైలుకు ఉన్నది గొట్టం ఊడితే బ్రేకు వదులైపోయే రకం. వెనక పెట్టెలను గార్డు చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్లు ఆపాయి. ముందు భాగం కదిలేటప్పుడు కొంచెం వెనక్కి జారి తగిలింది. అంతే. వెనక పది పెట్టెలు దిగుడులో ఉరికి, వెనకాల వస్తున్న రైలును గుద్దాయి. 80 మంది చనిపోయారు. అందులో చాలామంది పిల్లలు. పెట్టెల తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి.

ఆ ఏడాదే చట్టం వచ్చింది. ప్రయాణికుల రైళ్లన్నిటికీ దానంతట అదే పడే బ్రేకు ఉండాల్సిందే అని. న్యూవార్క్ పరీక్షకు, అర్మాకు మధ్య 14 ఏండ్లు. పరీక్ష చేసి ఫలితం పక్కన పెడితే, భూసార పరీక్ష కార్డు తెచ్చుకొని అటక మీద పడేసి, పక్కోడు వేసిన మందే మనం కూడా వేసినట్టు. కాకపోతే ఇక్కడ పోయింది పంట కాదు, ప్రాణాలు.

ఇప్పుడు మన దేశం. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణేకు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది, అది అందరికీ తెలిసిందే. అక్కడి నుంచి స్వాతంత్య్రం తర్వాతికి వద్దాం. 1957లో లక్నోలో ఆర్‌డీఎస్‌వో అనే సంస్థ పెట్టారు. రైల్వేకు సంబంధించిన పరిశోధన, డిజైను, పరీక్షలు దాని పని. 1960 ప్రాంతంలో మన పెద్ద లైను మీద రైళ్ల గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్ల లోపే. దాన్ని పెంచాలని రైల్వే బోర్డు అనుకుంది. ఆర్‌డీఎస్‌వో 1962లో పని మొదలుపెట్టింది, 1967లో పట్టాల మీద పరీక్షలు చేసింది. 1969 మార్చిలో ఢిల్లీ నుంచి హౌరాకు మొదటి రాజధాని ఎక్స్‌ప్రెస్ 120 కిలోమీటర్ల వేగంతో నడిచింది. అంటే ఒక్క 20 కిలోమీటర్లు పెంచడానికి దాదాపు తొమ్మిదేండ్లు!

ఎందుకంత టైము? వేగం పెరిగితే కష్టం అంతకు అంత పెరగదు, ఇంకా ఎక్కువ పెరుగుతుంది. వేగం రెండింతలైతే, అదే బ్రేకుతో ఆగడానికి దాదాపు నాలుగింతల దూరం కావాలి. మనకు ట్రాక్టరు మీద ఒంటికి తెలిసిన సంగతే ఇది. వేగం పెరిగిన కొద్దీ పెట్టె పక్కలకు ఊగడం మొదలవుతుంది. ఒక వేగం దాకా ఏమీ ఉండదు, అది దాటగానే చక్రాలు పట్టాల మధ్య పాములా వంకర టింకర పోతాయి. ఆ వేగం ఏదో నిదానంగా నడిపితే ఎప్పటికీ తెలియదు. కాక ప్రశ్నకు సగం జవాబు ఇదే. రేపు పోబోయే వేగం కన్నా కొంచెం పైకి పోయి చూస్తేనే, రేపటి వేగానికి భరోసా.

ఇంకో మాట, బండి మనుషులు లేకుండా పోతుంది గానీ ప్రతిసారీ ఖాళీగా పోదు. సీట్లలో మనుషులకు బదులు ఇసుక మూటలో, ఇనుప దిమ్మెలో పెడతారు. ఒకసారి ఖాళీగా, ఒకసారి నిండు బరువుతో. వంపులో, వంతెన మీద, తడి పట్టా మీద. పెట్టె అడుగున, చక్రాల దగ్గర కొలిచే యంత్రాలు కడతారు. పూర్తి వేగంలో ఉండగా ఒక్కసారిగా బ్రేకు కొట్టి, ఎన్ని మీటర్లకు ఆగిందో కొలుస్తారు. 1829లో అడగని ప్రశ్న ఇప్పుడు గట్టిగా అడుగుతున్నారు.

2018లో చెన్నై పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో తయారైన ట్రైన్ 18 కథ చూడండి. ఇప్పుడు వందే భారత్ అంటున్నది దాన్నే. వేరే ఇంజను ఉండదు, పెట్టెల కిందే మోటార్లు. ఆ మోటార్లను నడిపే ఎలక్ట్రికల్ సామాను మన హైదరాబాద్ కంపెనీ మేధా నుంచి పోయింది. ముందు మొరాదాబాద్–బరేలీ మధ్య, తర్వాత రాజస్థాన్‌లో కోటా–సవాయ్ మాధోపుర్ మధ్య పరీక్షలు చేశారు. 160 కోసం చేసిన బండిని డిసెంబరులో 180 దాకా తీసుకుపోయారు.

180 అంటే ఎంతో మన లెక్కలో చెప్తా. సెకనుకు 50 మీటర్లు. చదరంగా ఉన్న ఎకరం చేను ఒక వైపు గెట్టు పొడుగు 64 మీటర్లు. అంటే ఎకరం గెట్టును ఒకటింబావు సెకనులో దాటేస్తుంది. మీరు "అరే" అనే లోపు అయిపోతుంది. బ్రేకు కొట్టినా ఆగేసరికి కిలోమీటరు దాటిపోతుంది. డ్రైవరుకు బర్రె కనబడితే ఆపలేడా అంటారు మనోళ్లు. కనబడ్డ తర్వాత ఆపడం ఆయన చేతిలో ఉండదు.

పరీక్షలన్నీ అయ్యాయి. 2019 ఫిబ్రవరి 15న ప్రధాని జెండా ఊపారు. మరుసటి రోజు తెల్లవారుజామున వారణాసి నుంచి తిరిగి వస్తూ తుండ్లా దగ్గర బండి ఆగిపోయింది. పశువు తగిలి ఉంటుందని రైల్వే వాళ్లు చెప్పారు. 2022 సెప్టెంబరు 30న ముంబై–గాంధీనగర్ వందే భారత్ మొదలైంది. అక్టోబరు 6న అహ్మదాబాద్ దగ్గర బర్రెల మందను గుద్దింది, ముందు మూతి పగిలింది. మరుసటి రోజు ఆనంద్ దగ్గర ఆవు తగిలింది. ఆ బర్రెల యజమానుల మీద కేసు కూడా పెట్టారు. తర్వాత ముంబై–అహ్మదాబాద్ మార్గంలో 600 కిలోమీటర్లకు పైగా ఇనుప కంచె పని పట్టారు.

చూశారా? బండిని పరీక్షించారు, బ్రేకును పరీక్షించారు, పట్టాను పరీక్షించారు. పట్టాకు అటూ ఇటూ ఉన్న ఊరి సంగతి తేలింది మాత్రం బండి నడవడం మొదలయ్యాకే. 1830లో పట్టాల మీదికి దిగిన హస్కిసన్ దగ్గర తప్పిన లెక్క, 2022లో బర్రెల దగ్గర మళ్లీ తప్పింది.

అలాగని అంతా అట్లనే ఉందనను. మన దగ్గరే ఒక మంచి పరీక్ష జరిగింది. కవచ్ పేరు విన్నారు కదా. రెండు రైళ్లు ఎదురెదురు వస్తే డ్రైవరు చేయి పెట్టకున్నా బ్రేకు వేసే ఏర్పాటు. దాన్ని లింగంపల్లి–వికారాబాద్ వైపు లైన్లలోనే ఏండ్ల తరబడి నడిపి చూశారు. 2016లో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు మొదలయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్టిగిద్ద మధ్య రెండు బండ్లను ఒకే పట్టా మీద ఎదురెదురు వదిలారు. ఒక దాంట్లో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ కూర్చున్నారు. ఎదుటి ఇంజను 380 మీటర్ల దూరంలో ఉండగానే బండి ఆగింది. చేసినోడు తానే ఎక్కి చూపించడం అంటే అదీ. మందు అమ్మేటోడు తన చేలో కొట్టి చూపిస్తే మనకు ఎంత నమ్మకం వస్తుందో, అంత నమ్మకం.

ఇంకొక ముఖ్యమైన సంగతి. లైను బాగుంది, ప్రయాణికులను ఎక్కించుకోవచ్చు అని చివరి మాట చెప్పేది రైల్వే బోర్డు కాదు. రైల్వే సేఫ్టీ కమిషనర్ చూసి రాసి ఇవ్వాలి. ఆ కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. నడిపేటోడి చేతిలోనే పరీక్ష ఉండొద్దని 1941లోనే వేరు చేశారు. దీని విలువ మనకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? వడ్లు కొనేటోడే తేమ కొలిస్తే, కాంటా కూడా ఆయనదే అయితే ఏమవుతుందో ఏటా కల్లంలో చూస్తనే ఉన్నాం. రెయిన్‌హిల్‌లో కూడా తీర్పు చెప్పడానికి ముగ్గురు జడ్జీలను వేరేగా పెట్టారు.

కాబట్టి కాకా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఖాళీ బండిని అంత జోరుగా నడిపేది చూపియ్యడానికి కాదు. రేపు అందులో నీ మనవరాలు హాస్టలుకు పోతుంది, అప్పుడు తప్పు బయటపడొద్దని ఈరోజే బయటికి లాగుతున్నారు. ఆ రోజు మనం చేయాల్సిన పని చిన్నదే. తలుగు గట్టిగా కట్టుకోవడం.

కానీ నీ బర్రె కూడా ఒక ప్రశ్న అడిగింది. రోజూ పోయే దారి మధ్యలో మూసేస్తే నేను ఎటు పోవాలె అని. చేను ఇవతల, బీడు అవతల ఉన్న ఊరికి చాటింపు ఒక్కటే సరిపోదు. కంచె కావాలి, కంచెతో పాటు పశువులు, ఎడ్ల బండి, ట్రాక్టరు పోయే అండర్‌పాస్ కావాలి. వానకాలం నీళ్లు నిలవనిది కావాలి. వచ్చే గ్రామసభలో ఇదే మాట కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఇద్దాం. పట్టాకు దగ్గర చేలున్నోళ్లు సర్వే నంబర్లు, పశువులు దాటే చోట్లు రాసుకొని రండి. బండి పరీక్ష వాళ్లు చేశారు. ఊరి లెక్క మనమే చెప్పాలి, ఎవరి బర్రో పోయిన తర్వాత కాదు, ఇప్పుడే.